ఈ వారం ముత్తమ్మ

అడవి వైపు బదిలీ అంటే మా కాలంలో శిక్ష. నేను ముప్పై నాలుగేళ్లు శిక్షలు విధించినవాణ్ణే గాని అనుభవించినవాణ్ణి కాను గనుక, ఉమ్మడి ఖమ్మం జిల్లాలోనే ఉద్యోగమంతా చేసి, ప్రధానోపాధ్యాయునిగా విరమించి కూడా, ములకలపల్లి అవతల ఏముందో చూడకుండానే డెబ్బై దాటాను. ఈ వేసవిలో ఆ లోటు తీరింది. వెళ్లనివారి కోసం రాస్తున్నాను. వెళ్లినవారు నవ్వుకుంటే అభ్యంతరం లేదు.

మధిరలో విశ్రాంత ఉపాధ్యాయులం ఏడుగురం కలిసి ఒక నిధి నడుపుతున్నాం. ఏటా ఒక సభ, ఒక శాలువా, ఆరు ఉపన్యాసాలు, ఉపన్యాసకులకు భోజనాలు పోగా మిగిలిన సొమ్ముతో పల్లెటూరి యువతలో ఒకరికి చేతిపని శిక్షణ కోసం ఉపకారవేతనం ఇస్తాం. ఉపన్యాసాలు తగ్గిస్తే ఇద్దరికి ఇవ్వవచ్చునని నేను ఒకసారి సూచించాను. ఆ సూచనపై ఏడుగురమూ ఉపన్యసించాం. దస్తూరి బాగుంటుందని నన్ను కార్యదర్శిని చేశారు.

ఈసారి ఎంపికైన అభ్యర్థి సోడె ముత్తమ్మ. పదో తరగతి చదివింది. కోరుకున్న పని, కాలిపోయిన నీటి మోటార్లకు రాగితీగ తిరిగి చుట్టడం. కారేపల్లిలో ఆరు నెలల శిక్షణ, చివర భద్రాచలంలో పరీక్ష. పరీక్షకు ముందు కార్యదర్శి స్వయంగా వెళ్లి అభ్యర్థినీ, ఆమె ఇంటినీ చూసి రావాలన్నది మా నియమావళిలో పద్నాలుగో అంశం. నియమావళి రాసినది నేనే. అందువల్ల ఎవరినీ తిట్టుకునే సౌకర్యం లేకుండా, వైశాఖపు ఎండలో గొడుగు పుచ్చుకుని బయలుదేరాను.

కారేపల్లి: నూటికి నూరు

సోమవారం ఉదయం కారేపల్లిలో దిగి, కూడలిలో మిరపకాయ బజ్జీలు తిన్నాను. మధిరలో నాలుగు బజ్జీలు ముప్పై రూపాయలు, ఇక్కడ ఇరవై. మా వైపు మిరపకాయకు కడుపు చీల్చి వాము, చింతపండు పెట్టి దాని కోపం తగ్గిస్తారు. ఇక్కడ దాని స్వభావంలో ఎవరూ జోక్యం చేసుకోరు. మిగిలిన పది రూపాయలూ కన్నీటి రూపంలో చెల్లించాను. బజ్జీలు వేసే ఆమె "మంచినీళ్లు తాగకుండ్రి సారూ, ఇంక మండుతది" అని, నేను తాగిన తరువాత చెప్పింది.

శిక్షణ కేంద్రం ఒక పాత రైస్‌మిల్లు షెడ్డులో ఉంది. శిక్షకుడు శంకరయ్య బొగ్గు గనుల వర్క్‌షాపులో మోటార్లు చుట్టి చుట్టి విరమించిన మనిషి. గొంతు కూడా మోటారు వంటిదే. నేను మొట్టమొదట హాజరుపట్టీ అడిగాను. సోడె ముత్తమ్మ ఆరు నెలలలో ఒక్క దినమైనా మానలేదు. జ్వరం లేదు, పెళ్లి లేదు, పండుగ లేదు. నా సర్వీసులో నూటికి నూరు హాజరు నేను చూడలేదు, నాదీ కాదు. ఆనందంలో అనుమానించడం మరచిపోయాను.

అభ్యర్థి బల్ల ముందు నిలబడి ఉంది. పొట్టి మనిషి, వేళ్లు మాత్రం పొడుగు. మోటారు లోపలి గాడులలో రాగి కాయిల్‌ను కూర్చోబెట్టి, అది మళ్లీ లేవకుండా పైన వెదురు బద్ద దిగగొడుతోంది. ఆ బద్దలు తానే చెక్కి ఊరి నుంచి తెచ్చిందట. ఒక్కొక్కటీ గీత గీసినట్టుంది. ముచ్చటపడ్డాను.

"ముత్తమ్మవు నువ్వేనా అమ్మా?"

"అవ్ సార్."

"ఒక్కొక్క కాయిల్‌కు ఎన్ని చుట్లు వేయాలో ఎలా తెలుసుకుంటావు?"

"అది నా వంతు గాదు సార్. కూసుండబెట్టుడే నా పని."

శంకరయ్య దగ్గాడు. "పని పంచి ఇచ్చిన సార్. ఫ్యాక్టరీ పద్ధతి."

పద్ధతి అన్న మాట వింటే నేను ఇక ప్రశ్నించను. అది నా బలహీనత.

ములకలపల్లి దాటాక: రెండో ముత్తమ్మ

మంగళవారం ములకలపల్లి నుంచి ఆటోలో వెళ్లాను. మనిషికి నలభై రూపాయలు. నాతోపాటు పదకొండుమంది, రెండు కోళ్లు. కోళ్లకు కిరాయి లేదు గాని చోటు మాత్రం నాకంటే మెరుగైనది దొరికింది. ఒక దాని ముక్కు దారి పొడవునా నా కళ్లద్దాల మీదనే ఉంది.

ఊరి బయట తునికాకు కల్లం. బీడీలు చుట్టే ఆకును తెల్లవారకముందే అడవిలో కోసి, యాభై ఆకులకొక కట్ట కట్టి, ఎండకు వరుసలుగా పరుస్తారు. అడ్డంగా చూసినా నిలువుగా చూసినా వంకర లేని ఆ వరుసలు చూసి, ఉదయపు ప్రార్థనకు నిలబడ్డ నా పాఠశాల గుర్తుకు వచ్చింది. పాఠశాల ఇంత బాగా ఎన్నడూ నిలబడలేదు. ఆ వరుసల మధ్య పొడగరి ఒకామె కట్టలు తిరగవేస్తోంది.

"అమ్మా, సోడె ముత్తమ్మ ఇల్లు ఎక్కడ?"

"నేనే సార్ ముత్తమ్మను. రాండ్రి."

"కాదమ్మా. ముత్తమ్మను నిన్న కారేపల్లిలో చూసి వచ్చాను."

"అవ్ సార్. ఆమె గూడ ముత్తమ్మనే." ఆమె చేతిలోని కట్టను సర్ది పెట్టింది. "ఈ వారం."

నేను గొడుగు మూసి మళ్లీ తెరిచాను. ఆలోచించడానికి వ్యవధి కావలసినప్పుడు అలా చేస్తాను. ఈలోగా ఆమె వివరించింది. కారేపల్లిలో ఉన్నది ఆమె చిన్నమ్మ కూతురు నాగమ్మ. పోయిన వారం వెళ్లినది ఆమె అన్న భార్య లచ్చమ్మ. అంతకు ముందు వారం అసలు ముత్తమ్మ. ఆరు నెలలుగా ఇదే క్రమం, ఒక్క వారం తప్పలేదు. నూటికి నూరు ఎలా వచ్చిందో అప్పుడు అర్థమైంది. జ్వరం వచ్చిన ముత్తమ్మకు బదులు జ్వరం రాని ముత్తమ్మ వెళ్లేది.

ఊళ్లో పెద్దమ్మ అని అందరూ పిలిచే కన్నమ్మ ఇంటి ముందు నన్ను మంచం మీద కూర్చోబెట్టారు. ఆమె ముత్తమ్మకు నాయనమ్మ. నా ఉద్యోగకాలంలో నన్ను 'నువ్వు' అన్నవారు ఇద్దరే, మా అమ్మ, ఒక జిల్లా విద్యాధికారి. కన్నమ్మ మూడవది. సొరకాయ బుర్రలోంచి జీలుగు కల్లు ఆకుదొప్పలోకి వంచి ఇచ్చింది. నేను జీవితంలో మద్యం ముట్టలేదు. పరిశీలనకు వచ్చిన అధికారి దేనినీ పరిశీలించకుండా తిరస్కరించరాదు గనుక ఒక గుక్క తాగాను. తియ్యగా ఉంది. రెండో గుక్కను ధ్రువీకరణ కోసం తాగాను.

"ఇది మోసం కదమ్మా," అన్నాను, దొప్ప కింద పెట్టి. "ఉపకారవేతనం ఒకరి పేరు మీద ఇచ్చాం."

"ఒక్క పేరు మీదనే ఇచ్చింది నువ్వు," అంది కన్నమ్మ. "మొన్న వాగుల చేపలు పట్టినం. పట్టినోళ్లు పదిమంది. పంచింది మాత్రం ఇంటింటికి. మంచం మీదున్న ముసలోనికి గూడ పోయినయి. ఒక్కళ్లే తింటె అరుగుతదా పంతులూ?"

"చేపలు వేరు, చదువు వేరు."

"ఏంది వేరు? పంట కావలికి మంచె మీదికి ఎవలు పోతరు? వంతులేసుకొని పోతరు. ఈ పిల్ల ఒక్కతే ఆరు నెలలు ఆడ్నే కూసుంటె మిర్చి ఎవలు ఏరాలె, ఇప్పపువ్వు ఎవలు తేవాలె, ఆకు ఎవలు కొయ్యాలె?"

మా మధిర వైపు చెరువు చేపలను వేలం వేస్తాం. వేలంలో ఓడినవాడు కోర్టులో వల వేస్తాడు. ఆ వాదన అక్కడ ఎత్తితే నా పక్షం బలపడేలా కనబడలేదు. అందుకని నియమాల దగ్గరికి వచ్చాను. "దరఖాస్తులో ఒక్కరి ఫోటోయే ఉంది. మిగిలిన ఇద్దరి సంగతి మీరు దాచారు."

"దాసుడెందుకు సార్?" ఇంట్లోంచి వచ్చిన లచ్చమ్మ అడిగింది. గుండ్రటి ముఖం, నవ్వు ఆపుకోవడం చేతకాని మనిషి. "ములకలపల్లిల ముగ్గురం నిలబడి దిగిన ఫోటోనే పంపినం. మీ దగ్గరికి రాలేదా?"

వచ్చింది. అరచేయంత ఫోటో, అందులో ముగ్గురు. దరఖాస్తులోని గడి మాత్రం చిన్నది. పక్కనున్నవారు తోడు వచ్చిన బంధువులై ఉంటారని భావించి, మధ్యలో ఉన్న ముఖాన్ని స్కేలు పెట్టి గీసి, కత్తెరతో చక్కగా కత్తిరించి, గడిలో అతికించినది నేనే. అంచులు ఎంత తిన్ననివో కమిటీలో చూపించాను కూడా. ముఖం మాత్రం సరిగా చూడలేదు.

ఆ సంగతి ఒప్పుకున్నాను. లచ్చమ్మ ముత్తమ్మ భుజం మీద వాలి నవ్వింది. "సూడే, మా ఇద్దరి తలకాయలు కోసింది ఈ సారే!"

నవ్వు తగ్గాక నేను మిగిలినది చెప్పాను. ఒకరి బదులు మరొకరు హాజరైతే వేతనం రద్దు, ఆ ఊరి నుంచి ఇక మీదట దరఖాస్తు స్వీకరించం. అది తొమ్మిదో నియమం. అదీ నా రచనే. అప్పుడు ముత్తమ్మ ముఖంలో నవ్వు పోయింది. ములకలపల్లి అడ్డరోడ్డు దగ్గర ఒక షెడ్డు ఖాళీగా ఉంది. పరీక్ష పాసైన సర్టిఫికెట్ చూపితే మోటారు రిపేరు దుకాణానికి దానిని ఇస్తామని షెడ్డు సొంతదారులు మాట ఇచ్చారు. చుట్టుపక్కల బోరు మోటారు కాలితే ఇప్పుడు కొత్తగూడెం దాకా మోసుకుపోవాలి. ఆ షెడ్డులో ముగ్గురూ కూర్చోవాలని ఆరు నెలలుగా అనుకుంటున్నారు.

"పరీక్ష శనివారం," అన్నాను. "నేను నివేదిక శనివారం సాయంత్రం రాస్తాను. నియమం ఉన్నది విద్య కోసం. మోటారు మొత్తం నువ్వు ఒక్కదానివే చుట్టి పాసైతే, ఉన్నదున్నట్టు రాసి, ఈ వేతనం వృథా కాలేదని వాదిస్తాను. చుట్టలేకపోతే నా దగ్గర వాదన లేదు."

ముత్తమ్మ తన చేతుల వైపు చూసుకుంది. "నాకు మూడో వంతే వచ్చు సార్."

బుధ, గురు, శుక్ర: కంచం గంట

ఆ మూడో వంతుల లెక్క ఇది. పాత తీగ పీకి, చుట్లు లెక్కపెట్టి, అదే లెక్కకు కొత్త కాయిళ్లు చుట్టడం ముత్తమ్మకు వచ్చు. వాటిని గాడులలో కూర్చోబెట్టి బద్దలు దిగగొట్టడం నాగమ్మకు వచ్చు. బయటికి వచ్చిన తీగ కొసలలో దేనిని దేనితో కలపాలో లచ్చమ్మకు వచ్చు. ఎవరి వంతులో ఏ పాఠం పడితే అది వారిది. మిగిలిన పాఠాలు తమవి కావన్నట్టే ముగ్గురూ మర్యాదగా ఊరుకున్నారు.

రెండు రోజుల ప్రయాణాన్ని ఆరు రోజులకు పొడిగించి, నాకు తెలిసిన ఒకే ఒక పని చేశాను. టైంటేబుల్ వేశాను. తెల్లవారుజామున ఆకు. పది నుంచి ఒంటిగంట వరకు పాఠం. అంబలి. రెండు నుంచి ఐదు వరకు పాఠం. గంట లేదు గనుక స్టీలు కంచం, గరిటె. బుధవారం పది గంటలకు, నా కబురు అందుకుని శంకరయ్య మోటార్‌సైకిల్ మీద వచ్చాడు. అతనికీ, వెనుక కూర్చున్న నాగమ్మకూ నడుమ ఒక కాలిన మోటారు పసిబిడ్డలా కూర్చుని ఉంది.

"నాకు ముందే ఎందుకు చెప్పలేదయ్యా?" అని అతనిని నిలదీశాను.

"మీరు హాజరు అడిగిండ్రు సార్. మనిషిని అడగలే," అన్నాడు శంకరయ్య. "మొదటి రోజే నాకు చెప్పిర్రు వాళ్లు. ముగ్గురికీ పని మీద పానం ఉన్నది. ఎవల్ని వాపసు పంపాలె చెప్పుండ్రి?"

 కంచం కొట్టి పాఠం మొదలుపెట్టించాను.

నేను చూసిన తరగతులలో అంత అల్లరి తరగతి లేదు, అంత శ్రద్ధగలదీ లేదు. నాగమ్మ మాట్లాడదు. ముత్తమ్మ వేళ్లను పట్టుకుని తీగ మీద పెడుతుంది, తప్పయితే తట్టుతుంది. లచ్చమ్మ నోరు మూయదు. "ఓ మరదలా, ఆ కొసను గట్ల గుంజకు, అది మీ అన్న చెవి గాదు!" అంటుంది. ముత్తమ్మ "మా అన్న చెవి నీ చేతుల ఎట్లున్నదో ఊరంత ఎరుకే" అని తిప్పికొడుతుంది. వారు అవసరమైనప్పుడల్లా కోయ భాషలోకి దిగిపోతారు. అందులో నన్ను గురించి ఎంత ఉందో తెలియదు గాని, ఆ మాటల తరువాత నవ్వు వచ్చినప్పుడల్లా నా గొడుగు వైపు చూసేవారు.

గురువారం తెల్లవారుజామున, ఊరికే కూర్చుని తినడం మర్యాద కాదని నేనూ ఆకు కట్టడానికి వెళ్లాను. గంటలో మూడు కట్టలు కట్టాను. కల్లం దగ్గర లెక్క చూసే కుర్ర గుమస్తా నా కట్టలను విప్పి, ఒకదానిలో నలభై ఎనిమిది, మరొకదానిలో యాభై మూడు ఉన్నాయని, మూడోదాని ఆకులు ముదురువని పక్కన పారేశాడు. ముప్పై నాలుగేళ్లు పరీక్షలు నడిపిన నేను ఆకు కట్టడంలో తప్పాను. కన్నమ్మ ఆ రోజు అంబలితోపాటు చింతచిగురు, ఎండుచేపల కూర వడ్డిస్తూ, "కట్ట కట్టరాకున్న నీ వంతు నీకున్నది, తిను" అంది. మా ఇంట ఎండుచేప గడప దాటి లోపలికి రాదు. మారు వడ్డించుకున్నానని మా ఇంటివారికి ఈ వ్యాసం ద్వారానే తెలియాలి.

శుక్రవారం సాయంత్రానికి ముత్తమ్మ కాయిళ్లను గాడులలో చక్కగా దించుతోంది. కొసలు కలపడం మాత్రం లొంగలేదు. మూడుసార్లు కలిపితే ఒక్కసారే మోటారు తిరిగింది. తక్కిన రెండుసార్లు గుర్రుమని నిలబడింది. శంకరయ్య బీడీ వెలిగించుకున్నాడు. పాఠం ముగిసిందని నేను కంచం కొట్టినా, ఆ రోజు ఎవరూ లేవలేదు.

భద్రాచలం: కిటికీ

శనివారం బస్సులో నలుగురం వెళ్లాం. ఒక్కదాన్ని పంపితే ఊరు నవ్వుతుందని మిగిలిన ఇద్దరూ ఆకు మానుకుని వచ్చారు. బస్సులో ఆడవారికి చార్జీ లేదు. కండక్టరు నా ముందు ఆగి టికెట్టు కొట్టినప్పుడు, ముందు నుంచి వెనుక వరకు మహిళలందరూ నా వైపు జాలిగా చూశారు. లచ్చమ్మ అయితే "పాపం, సార్ ఒక్కడే కిరాయి కట్టిండు" అని పక్కామెకు పరిచయం చేసింది.

వంతెన మీద నుంచి చూస్తే గోదావరి సన్నని పాయగా ఇసుకలో పడి ఉంది. వానాకాలంలో ఊళ్లోకి వచ్చి గోడల మీద తన ఎత్తు రాసిపోయే నది ఇదేనంటే నమ్మడం కష్టం. గుడి ముందు వరుస చాలా పొడుగ్గా ఉంది. వరుసలంటే నాకు ప్రాణం, అయినా దూరం నుంచే నమస్కరించి పరీక్ష జరిగే చోటికి నడిచాను. టీ పదిహేను రూపాయలు. దేవుడున్న చోట అన్నిటికీ ఐదు రూపాయలు ఎక్కువ.

పరీక్షాధికారి ముప్పై ఏళ్ల యువకుడు, హైదరాబాదు నుంచి వచ్చాడు. ఒక్కొక్కరికి ఒక కాలిన మోటారు, ఐదు గంటల సమయం. వార్నిష్ పూయనక్కరలేదు, తిరిగితే చాలు. విశ్రాంత ప్రధానోపాధ్యాయుడినని తెలిసి నాకు లోపల కుర్చీ వేశాడు, కాపీలు పట్టడంలో సాయం చేయమన్నాడు. నా కుర్చీ పక్కన కిటికీ. కిటికీ బయట నీడలో లచ్చమ్మ, నాగమ్మ.

ముత్తమ్మ పాత తీగ పీకి, చుట్లు లెక్కించి, గంటన్నరలో కాయిళ్లు చుట్టింది. అది ఆమె సొంత వంతు. గాడులలో దించడానికి రెండున్నర గంటలు తీసుకుంది. వేళ్ల కొసలు ఎర్రబడ్డాయి, కాని ఒక్క బద్ద వంకర పోలేదు. ఇక కొసలు. కలిపింది, స్విచ్చి వేసింది. మోటారు గుర్రుమంది, తిరగలేదు.

అధికారి గడియారం చూపించాడు. "ఇంకా పదిహేను నిమిషాలు."

ఆమె అన్నీ విప్పింది. ఆరు కొసలు చేతిలో పట్టుకుని వాటి వైపు చూస్తూ ఉండిపోయింది. నేను ఎందరో పిల్లల ముఖాలలో ఆ చూపు చూశాను. అది చూసినప్పుడల్లా వారి జేబులు తడిమేవాణ్ణి.

అప్పుడు కిటికీ బయట నుంచి లచ్చమ్మ కోయలో ఏదో అంది. గట్టిగా, ఆవును అదిలించినట్టు. ముత్తమ్మ తల ఎత్తకుండానే కోయలో విసురుగా జవాబు చెప్పింది. లచ్చమ్మ మళ్లీ ఒక్క మాట అంది. అంతే. ముత్తమ్మ రెండు కొసలను అటూ ఇటూ మార్చి, మెలిపెట్టి, స్విచ్చి వేసింది. మోటారు తిరిగింది. ఎంత నిశ్శబ్దంగా తిరిగిందంటే, పక్క బల్లల వారు పని ఆపి చూశారు.

అధికారి నేరుగా నా దగ్గరికి వచ్చాడు. "సార్, బయట ఆమె ఏమంది?"

ఎదురుగా ముత్తమ్మ, పక్కన కిటికీ. నేను అబద్ధం ఆడను. ఆడవలసిన అవసరం లేకపోవడం ఎంత గొప్ప వరమో ఆ క్షణంలో తెలిసింది.

"నాకు కోయ రాదండీ," అన్నాను. "మీకు వచ్చునా?"

అతనికీ రాదు. అక్కడున్న ఉద్యోగులలో ఎవరికీ రాదు. అతను మోటారును ఆపించాడు. తరువాత ఆమెను పిలిచి, కొసలు విప్పించి, ఏది ఎందుకు ఎక్కడ కలిపిందో చెప్పమన్నాడు. ఆమె చెప్పింది. కిటికీ మూయించి, మళ్లీ కలపమన్నాడు. కలిపింది. మోటారు తిరిగింది. పాస్ అని రాశాడు.

నివేదిక సంగతి కూడా చెప్పేస్తాను. ముగ్గురి పేర్లు, వంతుల క్రమం, ఫోటో కత్తిరించిన చేయి ఎవరిదో, అన్నీ రాసి ఇచ్చాను. తొమ్మిదో నియమాన్ని మార్చాలా వద్దా అని కమిటీ విచారిస్తోంది. ఇప్పటికి నాలుగు ఉపన్యాసాలయ్యాయి. షెడ్డు తాళం మాత్రం ముత్తమ్మకు అందింది.

ఆ సాయంత్రం బస్సు కోసం నిలబడ్డప్పుడు లచ్చమ్మను పక్కకు పిలిచాను. "ఇప్పుడు చెప్పమ్మా. కిటికీలోంచి ఏమన్నావు?"

ఆమె మొట్టమొదటిసారి నవ్వకుండా నా వైపు చూసింది.

"మీరు నియమం మనిషి సార్. చెప్తె రాయకుండ ఉంటరా?"

ఉండను. ప్రశ్నను వెనక్కి తీసుకున్నాను.